బెల్లానికి పుట్టిన చిమ్మిలి: నా కనెమారా పోనీ డైరీ

2024 మార్చి 23, శనివారం

కొనేశాను. ఏడేళ్ళ ఆడ కనెమారా పోనీ. నేనుండే ఈ పశ్చిమ ఐర్లండ్ జాతే. ఎత్తు 140 సెంటీమీటర్లు. ఒళ్ళంతా కొత్తబెల్లం రంగు, జూలు, తోక, మోకాళ్ళ కింద నలుపు. ఈ రంగును ఇక్కడ డన్ అంటారు. మా అమ్మాయి చూసీచూడగానే బెల్లం అని పేరు పెట్టేసింది. దాని గుర్తింపు పత్రమైన పాస్‌పోర్టులో ఇంకేదో పొడవాటి పేరుంది, దాన్ని పశువైద్యురాలు తప్ప ఎవరూ పలకరు.

సాయంత్రం ఒంగోలుకు ఫోను చేశాను.

"గుర్రం కొన్నావా?" అంది అమ్మ.

"గుర్రం కాదమ్మా, పోనీ."

"పోనీ ఏమిటి? గుర్రం కాకపోతే మరేం కొన్నావో చెప్పు."

పోనీ అంటే పొట్టి జాతి గుర్రమని అర్థమయ్యేసరికి అయిదు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఆమె వేసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "సుడులు చూశావా?"

చూశాను. నుదుట కళ్ళ మధ్య ఒకటి, మెడకు అటూ ఇటూ ఒక్కొక్కటి. మా తాతయ్య ఒంగోలు గిత్తల్ని కొనేటప్పుడు ముందు గిట్టలు, తర్వాత సుడులు, ఆ తర్వాతే మూపురం చూసేవాడు. గిట్టలు చూడటం వరకు నేను ఆయన మనవణ్ణే. సుడుల దగ్గర మాత్రం ఏది మంచిదో ఏది చెడ్డదో నేర్చుకోకుండానే ఊరు దాటి వచ్చేశాను.

వారమంతా గాల్వేలో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ నా ఉద్యోగం. ఇల్లు ఊక్టరార్డ్ దగ్గర. ఇంటికి ఒకపక్క కొరిబ్ సరస్సు, ఇంకోపక్క అడుగేస్తే కుంగే పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలు పేరుకున్న చిత్తడి. పక్కింటి పెద్దాయన దగ్గర మూడు చిన్న మళ్ళు అద్దెకు తీసుకున్నాను. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలే వాటికి కంచెలు. ఆయన పుట్టినప్పటి నుంచీ పోనీల మధ్యనే ఉన్నాడు. వాళ్ళ నాన్న కాలంలో ఇవే పోనీలు వీపుకు చెరోవైపు బుట్టలు కట్టుకుని సముద్రపు నాచును, ఇంట్లో మంటకు పీట్ ఇటుకలను మోసేవట. ఆదివారం చర్చికి బండి లాగేవీ అవే.

ఈ డైరీ పని ఒక్కటే. బెల్లం కడుపున ఒక పిల్ల పుట్టాలి, దానికి కాగితాలు రావాలి, తల్లితో కలిపి ఒక ప్రదర్శనలో నడిపించాలి.

ఏప్రిల్ 14

మగగుర్రం కోసం వేట. ఇది సంబంధాలు చూడటం లాంటిదేననుకున్నాను. కాదు, అంతకన్నా కష్టం.

మొదటి చిక్కు గిట్టలది. బెల్లం పాస్‌పోర్టులోనే రాసి ఉంది, అమ్మినవాళ్ళూ దాచలేదు. గిట్టగోడ విడిపోయే జబ్బు తాలూకు జన్యువు దానిలో ఒక ప్రతి ఉంది. కనెమారా జాతికి ఉన్న శాపం ఇది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడ్డవైతే గిట్ట బయటి పొర చీలికలు చీలికలుగా ఊడిపోతుంది. గోడ మోయాల్సిన బరువు అరికాలి మీద పడుతుంది. పిల్లకు ఆరు నెలలు నిండకముందే బయటపడుతుంది, మందు లేదు. ఒక్క ప్రతి ఉంటే ఏమీ కాదు. బెల్లం గిట్టలు నల్లరాతిలా ఉన్నాయి. కానీ ఒక్కొక్క ప్రతి ఉన్న రెండింటిని కలిపితే నాలుగింట ఒక వంతు అవకాశం ఆ జబ్బుకే. ఈ తప్పు సెర్పిన్‌బి11 అనే జన్యువులో ఉందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2015లో ప్రకటించారు. అంతకు ముందు ఇలాంటి పిల్ల పుడితే మేత మంచిది కాదనో, నేల తడి అనో, లాడాలు కొట్టేవాడికి పని రాదనో అనుకునేవాళ్ళు. ఇప్పుడు గుప్పెడు వెంట్రుకలు పంపితే తేలిపోతుంది. కాబట్టి మగగుర్రానికి చెడ్డ ప్రతి ఒక్కటి కూడా ఉండకూడదు.

రెండో చిక్కు రంగు. డన్‌ను డన్‌తో కలిపితే నాలుగింట ఒకటి మీగడ రంగు ఒళ్ళు, నీలి కళ్ళతో పుడుతుంది. ఆరోగ్యానికి లోటేమీ ఉండదు కానీ పెంపకందార్లు తరతరాలుగా దూరం పెట్టిన రంగు అది. అయితే బూడిదరంగు మగగుర్రాన్ని చూసుకుంటే సరిపోతుంది కదా అన్నాను. పెద్దాయన నవ్వాడు. బూడిదరంగు నిజానికి రంగు కాదు, ముసుగు. పుట్టినప్పటి రంగు మీద ఏటేటా తెలుపు కమ్ముకొస్తుంది. పదేళ్ళ తెల్లగుర్రం పుట్టుకతో డన్ అయి ఉండవచ్చు, ఆ జన్యువును పిల్లకు ఇవ్వనూ వచ్చు. మొదట చూసిన మగగుర్రం యజమానిని రంగు పరీక్ష కాగితం ఉందా అని అడిగితే నేను ఆయన ఇంటి పరువు గురించి అడిగినట్టు చూశాడు.

మూడోది చిక్కు కాదు, ఆశ. పందెపు గుర్రాల జాతి అయిన థరోబ్రెడ్ మగగుర్రంతో కలిపితే కాళ్ళు పొడవైన దూకుడు పిల్ల పుడుతుంది, పిల్లల పోటీలకు కొనేవాళ్ళు బోలెడు మంది. స్ట్రోలర్ అలాంటి కలయికే. 148 సెంటీమీటర్లు కూడా లేని ఆ పోనీ మీద మారియన్ కోక్స్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పెద్ద గుర్రాలతో పోటీ పడి వెండి పతకం తెచ్చుకుంది. పెద్దాయనకు ఈ కథ చెబితే సంతోషమే, ఎన్నిసార్లయినా వింటాడు. విన్నాక అన్నాడు: "అలాంటిది పుట్టాలంటే ముందు ఎవరో ఒకరు అసలు కనెమారాను అసలుగా ఉంచాలి కదా." ఒంగోలు గిత్తల గురించి మా తాతయ్యా ఇదే మాట అనేవాడు. థరోబ్రెడ్ ఆశ అక్కడితో పోయింది.

జూన్ 5

మూడోసారి చూసిన మగగుర్రం కుదిరింది. బూడిదరంగు, 145 సెంటీమీటర్లు, గిట్టల పరీక్షలో రెండు ప్రతులూ మంచివే, డన్ జన్యువు లేదు. రెండు కాగితాలూ అడగకముందే తీసి చూపించారు. అంతకన్నా నాకు నచ్చింది దాని తీరు. దొడ్లో కోళ్ళు కాళ్ళ మధ్య తిరుగుతున్నా పట్టించుకోలేదు.

ఆడగుర్రాలు పగలు పొడవయ్యాకే క్రమంగా ఎదకు వస్తాయి, సుమారు 21 రోజులకొకసారి. సోమవారం అడ్డంగా పెట్టిన చెక్క పలక అవతల మగగుర్రాన్ని నిలబెడితే బెల్లం చెవులు వెనక్కి మడిచి తన్నబోయింది. ఈ రోజు అదే పలకకు ఒరిగి తోక పక్కకు తీసింది. మిగతాదంతా రెండు నిమిషాలు. పగ్గం పట్టుకున్న నాకే ఎక్కువ చెమట పట్టింది.

జూన్ 20

పదిహేనో రోజు స్కానింగ్. తెర మీద నల్లటి చుక్క, ఒక్కటే. వైద్యురాలు రెండోది ఉందేమోనని చాలాసేపు వెతికింది. కవలలు మనకు ముచ్చట, గుర్రానికి గండం. గర్భసంచిలో ఇద్దరికి చోటు చాలదు, చాలాసార్లు ఇద్దరూ దక్కరు. రెండు చుక్కలుంటే ఇప్పుడే ఒకదాన్ని నలిపేస్తారట.

అక్టోబరు 19

సిగ్గుపడుతూ రాస్తున్నాను.

చూలింత కదా అని మేపాను. కొత్తగా గడ్డి నాటిన పచ్చటి మడిలో వదిలాను, సాయంత్రం డబ్బా దాణా, ఆదివారం క్యారెట్లు. మా ఇళ్ళలో చూలిది ఇంటికొస్తే పెట్టే పద్ధతే అది. బెల్లం నిగనిగలాడుతుంటే నా గొప్పే అనుకున్నాను. ఈ రోజు గిట్టలు చెక్కడానికి వచ్చిన లాడాలాయన ముందరి గిట్టను ఒళ్ళో పెట్టుకుని, ఏమీ అనకుండా నా వేలు పట్టుకుని గిట్టగోడ మీద తడిమించాడు. గాజుల్లాంటి గీతలు. ముందువైపు దగ్గరదగ్గరగా, మడమవైపు వెడల్పుగా. తర్వాత మెడ పైభాగం పట్టుకుని ఊపి చూడమన్నాడు. కదల్లేదు. గట్టిపడిన కొవ్వు.

గిట్టలోపలి వాపు మొదలయ్యే దారిలో ఉందన్నమాట. రాళ్ళ మధ్య మొలిచిన పీచుగడ్డి తిని, ముళ్ళపొద చిగుళ్ళు కొరికి, అట్లాంటిక్ వానలో నిలబడి బతకడానికి తయారైన ఒంటికి నేను చక్కెర పోశాను. పచ్చగడ్డిలోని చక్కెర రక్తంలో ఇన్సులిన్‌ను పెంచుతుంది, అది గిట్టను పట్టి ఉంచే పొరను బలహీనం చేస్తుంది. రక్తపరీక్షలో ఇన్సులిన్ పైహద్దు దగ్గర ఉంది. దాటలేదు, అదృష్టం. గిట్టల జన్యువు కోసం నెలలు తిరిగినవాణ్ణి, డబ్బా దాణాతో గిట్టలు పోగొట్టబోయాను.

పెద్దాయన ఒకటే చెప్పాడు, "కొండ మీదికి పంపు." ఆయన వాటా కొండ భూమిలో ఆయన రెండు ముసలి ఆడగుర్రాలతో కలిపి వదిలాం. గేటు తీయగానే వెనక్కి కూడా చూడలేదు.

2025 జనవరి 12

చలికాలం గురించి రాయడానికి పెద్దగా లేదు. వాన. అయిదో నెలలో, ఏడో నెలలో గర్భస్రావం రాకుండా హెర్పిస్ టీకాలు వేయించాం, తొమ్మిదో నెలలో ఇంకొకటి. బెల్లం ఒళ్ళు ఎలుగుబంటిలా బొచ్చుతో ఉబ్బింది, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. కంటికి కనిపించకూడదు, చేతికి తగలాలి. లెక్క అదేనట.

మే 14, బుధవారం

ఉదయం ఏడున్నర. నిద్ర లేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా ఇప్పుడే రాయాలి.

నాలుగు రోజులుగా పొదుగు నిండుతోంది. నిన్న సాయంత్రం చన్నుల చివర మైనం బొట్లు కట్టాయి, తోక మొదట కండ జావలా మెత్తబడింది. 340 రోజులు మే 11కే నిండాయి. కొట్టంలో గడ్డి మందంగా పరిచి, నేను బయట కారులో కూర్చున్నాను. ఆడగుర్రాలు మనం కళ్ళార్పేదాకా ఆగి ఈనుతాయని ఇక్కడ అందరూ అంటారు. ఒకటిన్నరకు కునుకు పట్టింది. రెండూ ఇరవైకి లేచి చూస్తే ఉమ్మనీరు పోయి బెల్లం పక్కకు పడుకుని ఉంది.

తెల్లటి పొర కనిపించాలి. ఎర్రటిది కనిపిస్తే మాయ ముందుగా ఊడినట్టు, నిమిషాల్లో కోసి పిల్లను తీయాలి. టార్చి వేశాను. తెలుపు. అందులో ఒక గిట్ట, కాస్త వెనక ఇంకొక గిట్ట, వాటి మీద ముక్కు. పుట్టేటప్పుడు గిట్టలకు మెత్తటి పసుపుపచ్చ తొడుగు ఉంటుంది, తల్లి కడుపు చీరకుండా. నానిన పుట్టగొడుగుల్లా ఉన్నాయి. ముట్టుకోవాలనిపించింది, ముట్టుకోలేదు. రెండూ నలభైకి పిల్ల మొత్తం బయట ఉంది. ఆడపిల్ల. నల్లగా.

గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఒకటి, రెండు, మూడు. పిల్ల నలభై నిమిషాల్లో లేచింది. లేవడమంటే నాలుగుసార్లు బోర్లా పడి, అయిదోసారి కాళ్ళు నాలుగు దిక్కులకు పెట్టి, ఇది ఎవరి పని అన్నట్టు చూసింది. బొడ్డుకు మందు ముంచాను. తల్లి మోకాలిని, గోడను, నా కోటును చీకి చివరికి పొదుగు దొరకబుచ్చుకుంది. ముర్రుపాలు మొదటి కొన్ని గంటల్లోనే కడుపులో పడాలి. రోగాన్ని తట్టుకునే శక్తి పిల్లకు కడుపులో ఉండగా అందదు, ఆ పాలతోనే వస్తుంది.

మూడోది మాత్రం లెక్క తప్పింది. అయిదూ నలభై దాటినా మాయ పడలేదు. కాళ్ళకు తగలకుండా ముడి వేసి వైద్యురాలికి ఫోను చేశాను. ఆమె వచ్చి ఆక్సిటోసిన్ సూది వేసింది, పావుగంటలో పడింది. దాన్ని నేల మీద పరిచి కొమ్ముల్లాంటి దాని రెండు భాగాల చివర్లూ ఉన్నాయో లేదో చూసింది. ఒక చిన్న ముక్క లోపల మిగిలినా ఒళ్ళంతా విషమై, ఆ విషం చివరికి గిట్టల్లోకే దిగుతుందట. ఈ ప్రాజెక్టులో ప్రతి దారీ గిట్టల దగ్గరికే పోతోంది.

ఏడు గంటలకు అమ్మకు వీడియోలో చూపించాను. "బెల్లానికి పుట్టింది, నువ్వుల్లా నల్లగా ఉంది, చిమ్మిలి అని పిలవండి" అంది. మా అమ్మాయి ఒప్పుకుంది.

జూన్ 29

చిమ్మిలి కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు. కళ్ళజోడు పెట్టుకున్న టీచరమ్మలా ఉంది. అంటే తండ్రి ముసుగు దీనికీ వచ్చింది. ఈ నలుపు నాలుగైదేళ్ళ ముచ్చట.

బెల్లాన్ని ఈసారి కట్టించలేదు. ఈనిన వారం పది రోజులకే మళ్ళీ ఎదకు వస్తుంది, చాలామంది ఆ ఎదనే వాడుకుంటారు. నేను దానికి ఒక ఏడాది బాకీ ఉన్నాను.

జులై 20, ఆదివారం

ప్రదర్శన. దగ్గరి ఊళ్ళో, గేలిక్ ఫుట్‌బాల్ మైదానం పక్క పొలంలో. తల్లీపిల్లల తరగతిలో మేము కాక ఆరు జతలు.

మూడు వారాలుగా రోజూ పది నిమిషాలు సాధన చేశాం. ఎడమ పక్కన నిలబడి నడిపించాలి, నడకలో తిన్నగా దూరం వెళ్ళి, దుడుకు నడకలో తిన్నగా వెనక్కి రావాలి, ఆగినప్పుడు న్యాయనిర్ణేతకు నాలుగు కాళ్ళూ విడివిడిగా కనిపించాలి. కనెమారాకు జడలు వేయకూడదు. జూలు, తోక పెరిగినట్టే ఉంచి దువ్వాలి. బూడిదరంగు పోనీలవాళ్ళు తెల్లవారుజాము నుంచి ఊదారంగు షాంపూతో పేడ మరకలు రుద్దుతుంటే, బెల్లం రంగుకు నేను లోపల్లోపల దండం పెట్టుకున్నాను. టై పెద్దాయనది. చేతి తొడుగులు తెచ్చుకోమని ఆయన రెండుసార్లు చెప్పాడు, ఎండగా ఉందని కారులో వదిలేశాను.

వరుసలో మూడోవాళ్ళం. నడక బాగానే సాగింది. దుడుకు నడకలో తిరిగి వస్తుండగా మైకు కీచుమంది. మా అమ్మాయి చేతిలో చిమ్మిలి వెనక కాళ్ళ మీద లేచి, పగ్గం లాక్కుని, నేరుగా పక్కనున్న బూడిదరంగు ఆడగుర్రం పొదుగు దగ్గరికి పరుగెత్తింది. అది కీచుమని కాలెత్తింది. అది చూసిన బెల్లం నన్ను గడ్డి మీద ఈడ్చుకుంటూ బయల్దేరింది. మోకు నా అరచేతిలోంచి జారిపోతూ చర్మాన్నీ వెంట తీసుకుపోయింది. జనం నవ్వారు, కానీ అందులో ముగ్గురు అప్పటికే అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. అరనిమిషంలో తల్లీపిల్లా నా ఎదుట ఉన్నారు.

నాలుగో స్థానం. న్యాయనిర్ణేత తగ్గు గొంతుతో చెప్పింది. తల్లికి మోకాలి కింద ఎముక దిట్టం, గిట్టలు మంచివి, తల అచ్చం జాతి తల. పిల్లకు భుజం వాలు బాగుంది, వెనక కాలి కీలు కాస్త నిటారు. "మళ్ళీ తీసుకురా" అని, నా చేతి వైపు చూసి, "తొడుగులతో" అంది.

ఆగస్టు 23

ఈ వారం క్లిఫ్డెన్‌లో జరిగిన కనెమారా పోనీల ప్రదర్శన చూడటానికి సెలవు పెట్టాను. మేము పాల్గొనలేదు, పాల్గొనే స్థాయీ కాదు. కనెమారా పోనీ పెంపకందార్ల సొసైటీ 1923లో ఏర్పడింది, మరుసటి ఏడాదే రౌండ్‌స్టోన్‌లో మొదటి ప్రదర్శన పెట్టింది. పేర్ల పుస్తకంలో మొదటి మగగుర్రం క్యానన్ బాల్, 1904లో పుట్టింది. మా ఊక్టరార్డ్ రైతుల పందెం వరుసగా పదహారేళ్ళు గెలిచిందని చెప్పుకుంటారు. పెద్దాయన ఆ మాట చెప్పేటప్పుడు పందెం తనే చూసినట్టు చెబుతాడు.

రోజంతా కంచె దగ్గర నిలబడి నేను చూసింది ఒక్కటే, వెనక కాలి కీళ్ళు. ఇంటికి వచ్చి చిమ్మిలిని చూశాను. ఆ న్యాయనిర్ణేత చెప్పింది నిజమే.

సెప్టెంబరు 13

పాస్‌పోర్టు కాగితాల కోసం వైద్యురాలు వచ్చింది. మెడ ఎడమవైపు చిప్ వేసింది. ఆ తర్వాత గుర్రం బొమ్మ గీసి ఉన్న కాగితం తీసి, చిమ్మిలి చుట్టూ తిరుగుతూ బొమ్మ మీద చిన్న చిన్న ఇంటూ గుర్తులు పెడుతోంది. నుదుట ఒకటి. మెడ మీద ఒకటి. గొంతు కింద ఒకటి. ఏమిటవి అని అడిగాను.

సుడులు.

మచ్చ లేని గుర్రాన్ని గుర్తుపట్టడానికి అవే ఆధారమట. తెల్లబడినా, ముసలిదైనా సుడి చోటు మారదు. నేను నవ్వుతుంటే ఆమెకు అర్థం కాలేదు. ఒంగోలు పక్క మా పల్లెలో ఒక ముసలాయన దీనికే ఎద్దులకు ధర కట్టేవాడని, అదృష్టాన్ని కూడా మేము సుడి అనే అంటామని చెప్పాను. "అయితే దీనికి ఎలా ఉంది?" అంది. తెలియదన్నాను. ఆమె జూలులోంచి గుప్పెడు వెంట్రుకలు కుదుళ్ళతో పీకి కవరులో పెట్టింది. తల్లిదండ్రుల నిర్ధారణకు, గిట్టల పరీక్షకు.

అక్టోబరు 25

ఫలితం వచ్చింది. తల్లి, తండ్రి సరిపోయారు. గిట్టల జన్యువు ఒక ప్రతి, తల్లిలాగే. సగానికి సగం అవకాశమని మొదటి నుంచీ తెలుసు, అయినా కాగితం చూసి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. దీని గిట్టలకు ఏమీ కాదు. రేపు దీనికి పిల్ల కావాలంటే మాత్రం మళ్ళీ నాలాంటివాడెవడో ఎదుటివాళ్ళ ఇంటి పరువు అడగాలి.

అమ్మకు చెబితే మొత్తం విని, "గుండ్రంగా తిరిగిందా, సాగినట్టుందా?" అంది. నుదుటి సుడి గురించి. రేపు చూసి చెబుతానన్నాను.

నవంబరు 23

పాలు మాన్పించి వారమైంది. చిమ్మిలి పెద్దాయన ముసలి గుర్రంతో పాటు కింది మడిలో ఉంది, బెల్లం కొండ మీద. మొదటి రెండు రాత్రులు లోయ అటూ ఇటూ పిలుపులు. మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున బెల్లం తల దించుకుని మేస్తోంది. పొదుగు తగ్గుతోంది. ఈసారి దాణా డబ్బా కొట్టంలో బోర్లించే ఉంది.

రేపు పొద్దున లాడాలాయన వస్తాడు. చిమ్మిలి ముందు కాళ్ళు రెండూ, వెనక కుడి కాలు ఎత్తనిస్తోంది. ఎడమది ఇంకా ఇవ్వడం లేదు.